ఒక్క నౌకరు, వేయి తలుపులు



మా మనవరాలు తొమ్మిదో తరగతి చదువుతున్నది. కొంతకాలంగా సి భాషలో కంప్యూటరుకు ప్రోగ్రాములు రాయటం నేర్చుకుంటున్నది. కిందటి వేసవి సెలవుల్లో దానికి ఒక ఆలోచన పుట్టింది. తన కంప్యూటరును క్విజ్ మాస్టారుగా చేయాలి. స్నేహితురాళ్ళు తమ కంప్యూటర్ల నుంచి జవాబులు పంపాలి. జవాబు చేరగానే క్విజ్ మాస్టారు "ఒప్పు" అనో, "తప్పు" అనో చెప్పాలి.

ముగ్గురు స్నేహితురాళ్ళు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. మొదటి పిల్ల తన కంప్యూటరును కలిపింది. కాని జవాబు పంపకుండానే, ఉప్పూ కారం అద్దిన మామిడికాయ ముక్కల కోసం పెరట్లోకి వెళ్ళింది. అంతే! మిగిలిన ఇద్దరూ జవాబులు పంపుతూనే వున్నారు, క్విజ్ మాస్టారు మాత్రం ఉలకడు, పలకడు. మొదటి పిల్ల తిరిగి వచ్చి, తన ఆట ముగించిన తరవాతగాని రెండో పిల్లకు సమాధానం రాలేదు.

"తాతయ్యా, ప్రోగ్రాములో ఒక్క తప్పు కూడా లేదు. మరి ఎందుకిట్లా అయింది?" అని అడిగింది మా మనవరాలు.

ఆ సంగతి ఇద్దరం కలిసి విచారించాం. మా విచారణలో తేలినది ఇది.

మా మనవరాలు తన ప్రోగ్రాములో, "మొదటి మనిషి పంపినది చదువు" అని రాసింది. ఈ "చదువు" అనే ఆజ్ఞకు ఒక గుణం వుంది. అవతలి నుంచి ఏదైనా వచ్చేదాకా అది కదలదు. అది కదలకపోతే ప్రోగ్రామూ కదలదు. గుమ్మంలో నిలబడి, "అమ్మాయి మామిడికాయ తిని వచ్చేదాకా నేనిక్కడే వుంటాను" అని భీష్మించిన నౌకరు లాంటిదన్నమాట.

ఇప్పుడు ఒక్కసారి మీ వంటింట్లోకి తొంగిచూడండి. మీ అమ్మ ఒక పొయ్యి మీద కుక్కరు పెడుతుంది. కుక్కరు ముందు చేతులు కట్టుకుని నిలబడుతుందా? లేదు. రెండో పొయ్యి మీద పాలు పెడుతుంది. కూర తరుగుతుంది. మధ్యలో మీ లెక్క సరిచూస్తుంది. కుక్కరు మూడుసార్లు కూయగానే వెళ్ళి మంట ఆర్పుతుంది. పాలు పొంగుకు రాగానే దించుతుంది. అమ్మ ఒక్కతే. చేతులు రెండే. అయినా నాలుగు పనులు జరుగుతున్నాయి. కారణమేమంటే, అన్నం ఉడికించేది అమ్మ కాదు, మంట. అమ్మ పని బియ్యం పెట్టటమూ, కూత వినగానే దించటమూను. మధ్యలో వున్నదంతా ఎదురుచూపు. ఎదురుచూపు పని కాదు. పని కానిదానికి మనిషిని కాపలా పెట్టటం దండగ.

కంప్యూటరుకు ఈ దండగ మరీ ఎక్కువ. హైదరాబాదు నుంచి అమెరికాకు ఒక కబురు పంపి, జవాబు తెప్పించుకోవాలంటే సుమారు పావు సెకను పడుతుంది. మనకు అది రెప్పపాటు. కాని ఈనాటి కంప్యూటరు ఆ పావు సెకనులో కోట్ల కొలది లెక్కలు చేయగలదు. అటువంటి దాన్ని గుమ్మంలో నిలబెట్టటం ఎంత అన్యాయం!

"అయితే ముగ్గురికి ముగ్గురు నౌకర్లను పెడితే సరి!" అన్నది మా మనవరాలు.

ఔను, అదీ ఒక మార్గమే. ఒక ప్రోగ్రాములోనే పలువురు నౌకర్లను పెట్టవచ్చు. వాళ్ళను థ్రెడ్లు అంటారు. ముగ్గురు వస్తే ముగ్గురు, ముప్ఫైమంది వస్తే ముప్ఫైమంది. మరి పదివేలమంది వస్తే? పదివేల నౌకర్లకూ కంప్యూటరు జ్ఞాపకశక్తిలో చోటు కావాలి. ఎవరి వంతు ఎప్పుడో చూస్తూ వాళ్ళను మార్చటానికే ఎంతో కాలం పడుతుంది. డాన్ కెగెల్ అనే ఆయన 1999లో ఈ సంగతే ఎత్తి, ఒక్క కంప్యూటరు ఒకేసారి పదివేలమందికి ఎట్లా సమాధానం చెప్పగలదని చర్చించాడు. "సి10కె సమస్య" అని దానికి పేరు వచ్చింది. పది "కె" అంటే పదివేలు.

దీనికి కుదిరిన ఉపాయం అమ్మ ఉపాయమే. ఒక్క నౌకరు వుంటాడు. ఏ తలుపు ముందూ నిలబడడు. ఒకచోట కూచుని, "ఏ తలుపు దగ్గరైనా కబురుందా?" అని కంప్యూటరును నడిపే వ్యవస్థను అడుగుతాడు. ఏ కబురూ లేకపోతే, కబురు వచ్చేదాకా హాయిగా కునుకు తీస్తాడు. వస్తే లేచి, ఆ కబురుకు చేయవలసిన పని చేసి, మళ్ళీ వచ్చి అడుగుతాడు. ఇట్లా తిరిగే చుట్టుకే ఈవెంట్ లూప్ అని పేరు. ఈవెంట్ అంటే ఇక్కడ కబురు అనుకోండి. లూప్ అంటే చుట్టు.

ఒక్క తలుపు ముందు కునుకు తీయటానికీ, దీనికీ తేడా ఏమిటంటారా? ఇక్కడ ఏ తలుపు తట్టినా మెలకువ వస్తుంది. అదీ కిటుకు!

అయితే అడగటంలో రెండు పద్ధతులున్నాయి. బడిలో నేను రోజూ హాజరు పిలిచేవాణ్ణి. ఒకటో నంబరు నుంచి చివరి నంబరు దాకా అందరి పేర్లూ చదవాలి. 1983లో బర్కిలీ యూనిక్స్‌లో వచ్చిన సెలెక్ట్ అనే పద్ధతి దాదాపు ఇట్లాంటిదే. అడిగిన ప్రతిసారీ మొత్తం జాబితా ఇచ్చి, మొత్తం వెతకాలి. పదిమందికి బాగానే వుంటుంది. పదివేలమంది వుండి, ఒక్కడికే పనివుంటే? అందుకని తరవాత రెండో పద్ధతి వచ్చింది. పేర్లు ఒక్కసారి రాసుకుంటారు. ఆపైన చెయ్యెత్తిన వాళ్ళనే చూస్తారు. 2000లో ఫ్రీబీఎస్‌డీలో వచ్చిన కేక్యూ, 2002లో లినక్స్‌లో చేరిన ఈపోల్ ఇట్లాంటివి.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. లినక్స్‌తో ఈపోల్ భాషలో మాట్లాడాలి. ఆపిల్ వారి మాక్‌తో కేక్యూ భాషలో మాట్లాడాలి. విండోస్‌ది మరొక భాష. ఒకే ప్రోగ్రామును మూడు రకాలుగా ఎవరు రాస్తారు? అందుచేత ఒక దుబాసీ కావలసి వచ్చాడు. మనం దుబాసీతో ఒక్క భాషలో చెబితే చాలు, ఏ వ్యవస్థతో ఎట్లా మాట్లాడాలో అతనే చూసుకుంటాడు. లిబ్‌ఈవెంట్, లిబ్‌ఈవీ, లిబ్‌యూవీ ఇటువంటి దుబాసీలే. ప్రోగ్రాములు రాసేవారు వీటిని లైబ్రరీలంటారు. ఈ మూడూ సి భాషలోనే రాసినవి. ర్యాన్ డాల్ 2009లో నోడ్ అనే సాధనాన్ని బయటపెట్టాడు. అది విండోస్ మీద కూడా చక్కగా నడవాలని 2011లో లిబ్‌యూవీని తయారుచేశారు.

మేము లిబ్‌యూవీతోనే ఒక చిన్న ప్రయోగం చేశాం. క్విజ్ సంగతి పక్కనపెట్టి, ముందుగా గడియారం చేశాం. దానికి కావలసినవి నాలుగే మెట్లు.

మొదటి మెట్టు: "యూవీ డిఫాల్ట్ లూప్" అని పిలిచి చుట్టును తీసుకోవాలి.

రెండో మెట్టు: "యూవీ టైమర్ ఇనిట్" అని ఒక గడియారాన్ని ఆ చుట్టులో చేర్చాలి.

మూడో మెట్టు: "యూవీ టైమర్ స్టార్ట్" అని ఆ గడియారాన్ని నడపాలి. ఎంతసేపటికి మొదటిసారి మోగాలో, ఆపైన ఎంతకొకసారి మోగాలో చెప్పాలి. ఈ లెక్క మిల్లీసెకన్లలో వుంటుంది. 1000 అంటే ఒక సెకను. మోగినప్పుడు ఏం చేయాలో రాసిన చీటీ కూడా ఇవ్వాలి. ఈ చీటీనే కాల్‌బ్యాక్ అంటారు. అమ్మ బయటికి వెళుతూ, "మూడు కూతలు రాగానే ఆర్పు" అని మీతో చెప్పిపోతుందే, ఆ మాటన్నమాట.

నాలుగో మెట్టు: "యూవీ రన్." చుట్టు తిరగటం మొదలవుతుంది. ఎదురుచూడవలసినది ఏదీ మిగలనప్పుడుగాని అది ఆగదు.

మా మనవరాలు సెకనుకొకసారి "టిక్" అని అచ్చువేసే చీటీ రాసింది. టిక్, టిక్, టిక్! చాలా సంతోషించింది. అప్పుడు నేను, "మరో గడియారం పెట్టు. ఐదు సెకన్ల తరవాత అది ఒక్కసారే మోగాలి. దాని చీటీలో, పది సెకన్లు నిద్రపో అని రాయి" అన్నాను.

నాలుగైదు టిక్కులు పడ్డాయి. తరవాత నిశ్శబ్దం. పది సెకన్లపాటు ఒక్క టిక్ లేదు. ఆపైన మళ్ళీ సెకనుకొకటి చొప్పున మొదలైంది. మధ్యలో పోయిన టిక్కులు ఒక్కసారిగా పరుగెత్తుకు వస్తాయేమో అని అది ఎదురుచూసింది. రాలేదు. పోయినవి పోయినవే.

"గడియారం ఆగలేదు కదా, తాతయ్యా! టిక్ ఎందుకు ఆగింది?" అన్నది.

అప్పుడు నాకు నా పాత తప్పు గుర్తువచ్చింది. మా మనవరాలికి చెప్పినట్టే మీకూ చెబుతాను.

ఇరవై ఏళ్ళకు పైమాట. ఒక పల్లెటూరి హైస్కూలులో నేను హెడ్మాస్టరుగా వున్నాను. మార్చి నెల. లెక్కలు పంపవలసిన ఆఖరు రోజు. నేను గది తలుపు వేసుకుని, "లెక్క తేలేదాకా ఎవరినీ లోపలికి పంపవద్దు" అని బంట్రోతుతో గట్టిగా చెప్పాను. అంతవరకూ నా గది తలుపు ఎప్పుడూ తెరిచే వుండేది. ఎవరు వచ్చినా రెండు మాటల్లో పని చెప్పి పంపేవాణ్ణి.

ఆ పూట ఏడో తరగతి పిల్లవాడొకడు ఆటస్థలంలో ఇటుక తీయబోతే, కింద వున్న తేలు కుట్టింది. తోటిపిల్లలు వాణ్ణి నా గది దగ్గరికి తీసుకువచ్చారు. బంట్రోతు నా ఆజ్ఞ ప్రకారం వాణ్ణి వరండాలో బల్ల మీద కూచోబెట్టాడు. నేను లెక్క ముగించి తలుపు తీసేసరికి నలభై నిమిషాలు గడిచిపోయాయి. పిల్లవాడి ఒళ్ళంతా చెమటలు. వెంటనే మోటారు సైకిలు మీద ఆసుపత్రికి తీసుకుపోయాం. భగవంతుడి దయవల్ల వాడు మూడో నాటికి కోలుకున్నాడు.

వాడి తండ్రి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "సారు పనిలో వున్నారని మావాడు ఏడవకుండా కూచున్నాడటండీ" అన్నాడు. ఆయన తిట్టినా నాకు అంత బాధ కలిగేది కాదు.

తప్పు బంట్రోతుది కాదు, పిల్లలది కాదు. అందరి కబుర్లూ రావలసిన ఒక్క తలుపు దగ్గర కూచుని, గంటసేపు పట్టే పనిని నేను నెత్తికెత్తుకున్నాను. పని చెడ్డది కాదు. చేసిన చోటు తప్పు. మరుసటి ఏడు లెక్కల కాగితాలు గుమస్తాగారి గదిలో పెట్టించి, "తేలగానే నాకు కబురు చేయండి" అన్నాను. నా తలుపు తెరిచే వుంచాను.

లిబ్‌యూవీలో కూడా సరిగ్గా ఇటువంటి ఏర్పాటే వుంది. ముఖ్యమైన నౌకరు కాక నలుగురు సహాయకులు వుంటారు. కావాలంటే ఈ సంఖ్య మార్చుకోవచ్చు. "యూవీ క్యూ వర్క్" అని చెప్పి, రెండు చీటీలు ఇవ్వాలి. మొదటి చీటీలో పెద్ద పని వుంటుంది. దాన్ని సహాయకుడు చేస్తాడు. పని కాగానే ముఖ్యమైన నౌకరుకు కబురు వెళుతుంది. అతను రెండో చీటీ ప్రకారం ఫలితం అందుకుంటాడు. మా మనవరాలు ఆ పది సెకన్ల నిద్రను సహాయకుడికి అప్పగించింది. ఈసారి టిక్ ఒక్కటి కూడా తప్పలేదు!

సి భాష నేర్చుకునేవారికి మరొక్క హెచ్చరిక. చుట్టుకు అప్పగించిన గడియారం వివరాలను, దాని పని పూర్తిగా ముగిసేదాకా చెరపకూడదు. "యూవీ క్లోజ్" అని చెప్పి, మూసినట్టు కబురు వచ్చాకనే ఆ చోటును మరో పనికి వాడుకోవాలి. లేకపోతే, మీరు తుడిచేసిన పలక మీద నౌకరు పాత లెక్క వెతుకుతాడు. ప్రోగ్రాము ఎక్కడ కూలుతుందో చెప్పలేం.

క్విజ్ మాస్టారును కూడా మా మనవరాలు ఈ పద్ధతిలో తిరగరాసింది. ఇప్పుడు ఒకరు పెరట్లోకి వెళ్ళినా, మిగిలినవారికి జవాబులు ఠంచనుగా వస్తున్నాయి. మామిడికాయలే అయిపోయాయి!

ఈ నెల మీకు ఒక పని. రేపు సాయంత్రం అరగంటసేపు వంటింట్లో కూచుని, అమ్మగాని, నాన్నగాని, వంట చేసేవారెవరైనా సరే, ఏం చేస్తున్నారో గమనించండి. కాగితం మీద గీత గీసి, ఒకవైపు "పని" అనీ, రెండోవైపు "ఎదురుచూపు" అనీ రాయండి. ఏ కబురు విని ఏ పనికి లేచారో గుర్తుపెట్టండి. సి భాష వచ్చినవారు రెండు గడియారాల ప్రయోగం చేయండి. పది సెకన్లకు బదులు మూడు సెకన్లు పెడితే ఎన్ని టిక్కులు పోతాయో ముందు కాగితం మీద రాసుకుని, తరవాత చూడండి.

పెద్దలకు ఒక మనవి. ఇంట్లో పిల్లల కబుర్లన్నీ వచ్చే తలుపు మీరే. ఆ తలుపు దగ్గర పెద్ద పని పెట్టుకోకండి.