గేటు తాళం ఎవరి చేతిలో?

2023 నవంబరు 30. తెలంగాణలో ఓట్ల రోజు. తెల్లారేసరికి నాగార్జునసాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. 26 గేట్లలో 13 మావేనంటూ ఆంధ్ర పోలీసులు ముళ్లకంచె వేశారు. కుడి కాలవకి నీళ్లూ వదిలారు. సరిగ్గా ఆ రోజే ఎందుకంటే ఎవరి జవాబు వాళ్లకుంది. గేటు తిప్పే చెయ్యి ఎవరిదో జనానికి కనబడాలి, అంతే!

కృష్ణా నీళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి బచావత్ ట్రైబ్యునల్ ఇచ్చింది 811 టీఎంసీలు. రాష్ట్రం విడిపోయాక 2015లో ఆంధ్రకి 512, తెలంగాణకి 299 అని తాత్కాలికంగా పంచుకున్నారు. సగం మాదేనని తెలంగాణ తర్వాత పట్టుబట్టింది. టీఎంసీ అంటే వందకోట్ల ఘనపుటడుగులట. బిందెల లెక్కే తెలిసిన మనకి అది ఊహకందదు గానీ, ఆ అంకెల మీదే ప్రభుత్వాలు లేస్తాయి, పడతాయి. తెలంగాణ ఉద్యమ నినాదంలో నిధులు, నియామకాల కంటే ముందున్న మాట నీళ్లే. ఉండదా మరి? సాగర్ పక్కనే పెట్టుకుని నల్లగొండ పల్లెల్లో దశాబ్దాలపాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగారు.

ఇంతకీ ఈ పంపకాల్లో మనమెక్కడ?

మా పెద్దక్కది కృష్ణా జిల్లాలో, సాగర్ ఎడమ కాలవ చిట్టచివరి ఊరు. పైవాళ్లంతా తడుపుకున్నాక మిగిలితే వీళ్లకి. నాట్లకి కూలీలని పిలిచేది, కలుపు తీయించేది, మడి ఎండితే ముందుగా కంగారుపడేది అక్కే. "సంఘంలో గట్టిగా అడగొచ్చు కదే" అన్నానొకసారి.

"పట్టా మీ బావ పేరున ఉంది. నన్నెవరు పిలుస్తారే?" అంది.

నిజమే. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాల్లో ఓటు పట్టాదారుకి, లేదా రికార్డుల్లో పేరున్న కౌలుదారుకి. మన ఇళ్లల్లో పట్టా ఎవరి పేరున ఉంటుందో వేరే చెప్పాలా? పైగా ఆ అధ్యక్ష పదవి ఊళ్లో చిన్నదేం కాదు. కాలవ మరమ్మతుల పనులు అక్కడినుంచే నడుస్తాయి, పార్టీల కన్నూ దానిమీదే. మండలానికో, జిల్లాకో ఎదగాలనుకునే మగాళ్లకి అది మొదటి మెట్టు. ఆ మెట్టు దగ్గరే మనల్ని ఆపేస్తే, డ్యామ్ మీద మాట్లాడేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కడినుంచి వస్తారు?

2024 డిసెంబరులో ఆంధ్రలో ఈ సంఘాలకి ఎన్నికలు జరిగాయి. అవయ్యాక అక్క ఒక ఎకరం తన పేర రాయమని బావనడిగిందట. "ఇప్పుడంత తొందరేమొచ్చింది?" అన్నాడాయన.

"మళ్లీ ఎన్నికలు రావా ఏంటి?" అందట అక్క.