కరెంటు దాటింది, లారీ ఆగింది
ఖాట్మండూలోని సార్క్ ప్రధాన కార్యదర్శి గారికి,

2024 నవంబరులో నేపాల్ జలవిద్యుత్తు 40 మెగావాట్లు భారత్ తీగల మీదుగా తొలిసారి బంగ్లాదేశ్ చేరింది. అందుకు వీలిచ్చిన ఒప్పందం ఆ మూడు దేశాలు కుదుర్చుకున్నది. సార్క్ వేదిక మీద కాదు.

దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ 1985లో ఢాకాలో పుట్టింది. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం సాఫ్టా 2006లో అమల్లోకి వచ్చింది. అయినా దక్షిణాసియా దేశాల వాణిజ్యంలో ఇరుగుపొరుగుతో జరిగేది సుమారు 5 శాతమే. ఆగ్నేయాసియాలో అది 20 శాతం పైమాటే. సుంకాలు తగ్గితే చాలదు. భారత లారీలో వచ్చిన సరుకును సరిహద్దులోని బేనాపోల్‌లో దించి బంగ్లాదేశ్ లారీకి ఎక్కించాలి. రోజుల తరబడి నిరీక్షణ. ఆ ఖర్చంతా చివరికి కొనేవాడి నెత్తినే పడుతుంది. పాడైపోయే సరుకైతే పంపినవాడూ మునుగుతాడు.

రాజకీయం తేలిక కాదు, నిజమే. 2014 తర్వాత శిఖరాగ్ర సమావేశమే లేదు. భారత్‌లోని ఉరీ సైనిక స్థావరంపై ఉగ్రదాడి తర్వాత 2016 ఇస్లామాబాద్ సమావేశం ఆగిపోయింది. ఉగ్రవాదాన్ని మరిచిపొమ్మని ఏ దేశాన్నీ అడగకూడదు. కానీ ప్రతి నిర్ణయానికీ ఏకగ్రీవం కావాలన్న నిబంధన వల్ల భారత్, పాకిస్తాన్‌ల తగాదా ఎనిమిది సభ్య దేశాలనూ కట్టిపడేస్తోంది.

శిఖరాగ్రం కోసం చూడకుండా, సుముఖంగా ఉన్న దేశాల కస్టమ్స్ అధికారులను ఒకచోట కూర్చోబెట్టండి. ఒకరి తనిఖీ పత్రాన్ని మరొకరు గుర్తించే ఏర్పాటుతో మొదలుపెట్టండి.