సంతకం పెట్టే ముందు స్థలం చూశారా?

సికింద్రాబాద్ స్టేషన్‌లో పదో ప్లాట్‌ఫాం వైపు నుంచి బయటికొస్తే బోయిగూడ. కోచింగ్ కోసమో, ఇంటర్వ్యూ కోసమో వచ్చిన మీలో చాలామంది ఆ దారిన నడిచే ఉంటారు. ఆ బోయిగూడలోనే 2022 మార్చి 23న తెల్లవారుజామున ఒక తుక్కు గోదాములో మంటలు లేచి, పై అంతస్తులో నిద్రపోతున్న 11 మంది బిహార్ కార్మికులు చనిపోయారు. కిందికి దిగడానికి ఒకే ఒక్క ఇరుకు మెట్ల దారి ఉంది.

కెరియర్ పేజీలో ఈ సంగతి ఎందుకంటారా? సివిల్, ఎన్విరాన్‌మెంటల్, ప్లానింగ్ చదివినవాళ్లలో కొందరు రేపు అనుమతుల ఫైళ్లు తయారుచేసే ఉద్యోగాల్లోనే చేరతారు. ఆ ఫైలు వెనక మనుషులుంటారని చేరకముందే తెలియాలి.

2006 నాటి ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం, నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటిన భవన ప్రాజెక్టులకు ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. వాటికి సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. అంటే పక్కింటివాళ్లను అడిగేవారు లేరు. ఆ గోదాములాంటి చిన్న కట్టడాలైతే ఈ లెక్కలోకే రావు. వాటిని చూడాల్సింది మున్సిపల్, అగ్నిమాపక శాఖలు. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టంతో, 500 చదరపు మీటర్లలోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వస్తోంది. ఇది మంచి మార్పే, ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గింది. కానీ దాని బలమంతా సంతకం పెట్టినవారి నిజాయితీ మీదే ఉంది. తనిఖీ తర్వాతి మాట.

పెద్ద ప్రాజెక్టుల్లో కాపీ రోగం ఇంకా ముదిరింది. మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాలో ఒక బాక్సైట్ గని నివేదికలో రష్యా గని నివేదికలోని భాగాలు బయటపడ్డాయి. నవ్వొస్తుంది కదా? నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత రిపోర్టు చేతికిచ్చి జిల్లా పేరు, చెరువు పేరు మార్చమన్నారు. మార్చాను. ఆ చెరువును ఈరోజుకీ చూడలేదు. అందుకే ఈ మాట మీకు గట్టిగా చెబుతున్నాను.

ఇక ఉద్యోగాల సంగతి. ఈఐఏ నివేదికలు రాసే కన్సల్టెన్సీలకు నాబెట్ గుర్తింపు ఉండాలి. గాలి, నీరు, శబ్దం, జీవవైవిధ్యం, ప్రమాద అంచనా ఇలా 12 విభాగాల్లో నిపుణులు కావాలి. అందులో సామాజిక ఆర్థికం కూడా ఒకటి. ఎంఏ వాళ్లూ, ఇది మీకూ దారే! గచ్చిబౌలిలోని ఈపీటీఆర్‌ఐ శిక్షణలు, జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో ప్లానింగ్ కోర్సు వాకబు చేయండి.

ఎవరూ పెద్దగా చెప్పని ఇంకో అవకాశం తెలుగు. ప్రజాభిప్రాయ సేకరణ ఉన్న ప్రాజెక్టుల్లో నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ ఇవ్వాలి. ఆ తెలుగు చాలాసార్లు ఎవరికీ అర్థం కాదు. బోరులో నీళ్లు ఎంత లోతుకు పోతాయో, దుమ్ము ఏ వాడ మీద పడుతుందో రైతుకు అర్థమయ్యేలా రాయగలిగితే మీకు పని ఉంటుంది. పైగా ఊళ్లోకెళ్లి తెలుగులో నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబు ఓపిగ్గా వినగలిగేవాళ్లు ఆఫీసుల్లో తక్కువ.

ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడుగుతారా?’ అంటారు కదా. చాలామంది ‘ఏం లేదు సార్’ అనేస్తారు. ఈసారి అడగండి: ‘సైట్ చూడ్డానికి నన్ను పంపుతారా? ఎన్ని రోజులు?’ ఆయన తడబడితే ఆ ఆఫీసులో పని ఎలా జరుగుతుందో మీకు కొంతైనా తెలిసిపోతుంది. జీతం గురించి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.