కొలువు లాక్కుని అప్పు కట్టమంటారా?

టమాటా ధర పడిపోయి, మదనపల్లె మార్కెట్ దాకా వెళ్లిన బండి బాడుగ కూడా రాని ఏడాది రైతు కొడుకు చదువు అప్పుకు కంతు ఎక్కడి నుంచి తెచ్చి కడతాడు? పెద్దపంజాణి, పుంగనూరు, కుప్పం పల్లెల్లో బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లల ముందున్న ప్రశ్న ఇది. పరీక్ష నెగ్గినా కొలువు దక్కుతుందన్న నమ్మకం లేదు. చేరే రోజున అప్పుల చరిత్ర చెప్పే సిబిల్ నివేదిక అడ్డం పడొచ్చు.

2023లో బ్యాంకు కొలువుల పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ 650 సిబిల్ స్కోరు ఉండాలంది. విమర్శలు వచ్చాక ఆ అంకె తీసేసింది గానీ, అప్పుల చరిత్ర సరిగా ఉండాలన్న షరతును వదల్లేదు. స్టేట్ బ్యాంకు 2020 నోటిఫికేషన్‌లో ఆఫీసరుగా ఎంపికైన ఒక అభ్యర్థి నియామకాన్ని పాత బకాయిల కారణంగా రద్దు చేసింది. అప్పులన్నీ తీర్చేశానని ఆయన మొరపెట్టుకున్నా, 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు బ్యాంకునే సమర్థించింది. ప్రజల డబ్బు ముట్టుకునే వాళ్లను పరీక్షించాల్సిందే, కాదనం. కానీ మోసం చేసి ఎగ్గొట్టినవాణ్ణీ, పంట పోయి కట్టలేకపోయిన ఇంటి పిల్లవాణ్ణీ ఒకే గాట కట్టడం అన్యాయం. జామీను సంతకం పెట్టిన పాపానికి పక్కవాడి బకాయి కూడా ఇతని ఖాతాకే చేరుతుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం లోన్ యాప్‌లో తీసుకున్న చిన్న మొత్తం సైతం ఆ సిబిల్ చిట్టాలోకి ఎక్కాల్సిందే.

కొలువుకు అడ్డం పడేది అప్పు ఒక్కటే కాదు, గంజాయి కేసు కూడా. దేశ రహస్యాలు చేతికిచ్చే ఉద్యోగాలకు కూడా అమెరికా ఇంత గుడ్డిగా తూకం వేయదు. 2017 నుంచి అక్కడ అమల్లో ఉన్న మార్గదర్శకాల్లో అప్పులూ, మత్తుమందులూ వేర్వేరు పద్దులు. ఉద్యోగం ఊడిందా, జబ్బు చేసిందా, తీర్చడానికి ప్రయత్నిస్తున్నాడా, మత్తు మానేసి ఎంతకాలమైంది అని అడిగాకే తేలుస్తారు.

మత్తు విషయంలో మన చట్టమే నయం, అమలు చేసేవాళ్లే కరువు. 1985 నాటి మత్తుపదార్థాల చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వ్యసనానికి బానిసైన వాడు కొద్ది పరిమాణంతోనో, వాడకంతోనో పట్టుబడి, తనంతట తాను గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు ఒప్పుకుని పూర్తి చేస్తే విచారణ నుంచి రక్షణ దొరుకుతుంది. ఈ మాట పట్టుబడిన పిల్లల తల్లిదండ్రులకు చెప్పేదెవరు? గంజాయి కేసు ఒకసారి పడితే కానిస్టేబుల్ కొలువుకు జరిగే పోలీసు విచారణలో అది బయటపడుతుంది. భయపడి ఫారంలో దాచితే నష్టం ఇంకా పెద్దది. చిన్న వయసులో జరిగిన స్వల్ప నేరాన్ని యజమాని క్షమించవచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ దాచిపెట్టడం తొలగింపుకు కారణం కావచ్చనీ అదే తీర్పు హెచ్చరించింది.

మత్తుమందులను అరికట్టే రాష్ట్ర పోలీసు ఈగల్ విభాగం తన 1972 హెల్ప్‌లైన్ నంబరును ఎంతగా చాటుతోందో, 64ఏను కూడా ప్రతి స్టేషన్‌లో అంతగా చాటాలి. బ్యాంకులు నియామకాన్ని రద్దు చేసేముందు కారణం రాతపూర్వకంగా అడగాలి. ఉద్దేశపూర్వక ఎగవేత కాదని తేలితే కొలువులో చేర్చుకోవాలి, ఆ జీతంలోంచే నెలనెలా కంతు పట్టుకోవాలి.