తీరిన లెక్కను తిరుగదోడు అధికారము

పంట పండించుకొను రైతునకు ఆదాయపు పన్నుతో పని లేదని మన పెద్దలు తలంచెడివారు. అది నేటికిని కొంతవరకు నిజమే. చేవెళ్ళ, మొయినాబాదు మండలములలో కూరగాయలు, పూలు పండించి పట్నమునకు పంపువాని పంట ఆదాయముపై ఆ పన్ను లేదు. కాని పట్నమే మన గట్ల మీదికి వచ్చిన నాటినుండి సంగతి మారినది. పంటకు పన్ను లేకున్నను, పంట పండిన నేలను అమ్మినప్పుడు పన్ను ఉండవచ్చును. ఉన్నదా లేదా యని ఒక అధికారి విచారించి, లేదని తేల్చి, ఉత్తరువు చేతికిచ్చిన పిమ్మట, పై యధికారి దానిని మరల తిరుగదోడవచ్చునా? తిరుగదోడవచ్చునని చట్టము చెప్పుచున్నది. ఆ అధికారమునకు ఎల్లలు ఇంకను బిగియవలెనని నా యభిప్రాయము.

ముందు నేల సంగతి. గ్రామీణ వ్యవసాయ భూమి 1961 ఆదాయపు పన్ను చట్టము ప్రకారము మూలధన ఆస్తి కాదు. అమ్మిన లాభముపై పన్ను లేదు. అయితే పదివేలకు తక్కువ కాని జనాభా గల పురపాలక సంఘపు హద్దులోని భూమికి ఈ మినహాయింపు చెల్లదు. హద్దు వెలుపల నున్నను, ఆ పట్టణ జనాభా లక్ష వరకైన 2 కిలోమీటర్లు, పది లక్షల వరకైన 6, అంతకు మించినచో 8 కిలోమీటర్ల లోపలి భూమికిని చెల్లదు. ఈ దూరమును కాకి ఎగిరిన దారిని కొలువవలెనని 2013లో చట్టమును సవరించిరి. ఆ కొలత 2014-15 నిర్ధారణ సంవత్సరము మొదలుకొనియే వర్తించునని ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు 2015 అక్టోబరులో సర్క్యులరు మూలమున ఒప్పుకొన్నది. మనకు ఈ భేదము చిన్నది కాదు. రోడ్డు చెరువు కట్టను చుట్టి వచ్చును. కాకి ఉస్మాన్‌సాగరు నీటి మీదుగానే పోవును. చేవెళ్ళ రైతునకు ఇది అంత బాధ కాకపోవచ్చును గాని, మొయినాబాదు తూర్పు గ్రామములవారికి బండి దారి యొక లెక్క, కాకి దారి యొక లెక్క. విచిత్రమేమనగా, ఆ జలాశయముల రక్షణకై 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామములలో కట్టడములను అరికట్టినది. ఒక సర్కారు ఇచ్చట ఇల్లు కట్టరాదనెను. మరియొక సర్కారు ఇది పట్నపు నేల యనును.

ఇక పై యధికారి సంగతి. కమీషనరునకు ఈ అధికారము 1948 సవరణతో మొదట వచ్చినది; 1961 చట్టమున అది 263వ సెక్షను. 2025లో పార్లమెంటు చేసిన కొత్త చట్టమును దీనిని తీసివేయలేదు. సెక్షనులోని షరతులు రెండు. క్రింది అధికారి నిర్ణయము తప్పై యుండవలెను. ఆ తప్పు వలన సర్కారు రాబడికి నష్టము కలుగవలెను. రెండును కలిసియుండనిదే కమీషనరు చేయి వేయరాదని 2000లో మలబారు ఇండస్ట్రియల్ కంపెనీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పినది. చట్టమునకు ఒప్పిన రెండు అభిప్రాయములలో అధికారి ఒకదానిని గైకొన్నప్పుడు, కమీషనరునకు రెండవది నచ్చినంత మాత్రమున మొదటిది తప్పు కాదని కూడ ఆ తీర్పున ఉన్నది. 2007లో మాక్స్ ఇండియా వ్యాజ్యమునను అదే మాట నిలిచినది.

రైతులకు వకీళ్ళు చదివి వినిపించునది సాధారణముగా ఇంతవరకే. మిగిలినది కూడ వినవలెను. ఆ మలబారు కంపెనీ తన వ్యాజ్యమున ఓడిపోయినది! రబ్బరు తోట అమ్మకపు ఒడంబడిక విషయమున తనకు ముట్టిన పరిహారమును వ్యవసాయాదాయమని కంపెనీ చెప్పగా, ఆఫీసరు ఏ విచారణయు లేక ఒప్పుకొనెను. విచారింపక ఒప్పుకొనుటయే తప్పని కోర్టు తేల్చినది. అమితాబ్ బచ్చన్ లెక్క విషయమునను 2016లో సుప్రీంకోర్టు కమీషనరు ఉత్తరువునే నిలిపినది. అచ్చటను విచారణ పూర్తి గాకుండ ముగించుటయే దోషమైనది. కావున వ్యవసాయము అను మాట రక్షరేకు కాదు. క్రింది అధికారి ఏమి అడిగెను, రైతు ఏమి చూపెను, అది ఫైలులో ఉన్నదా? అంతయు దీనిపైననే ఆధారపడును.

ఇచ్చటనే నా యాక్షేపణ. 2015లో ఈ సెక్షనుకు ఒక వివరణ చేర్చిరి. చేయవలసిన విచారణ చేయలేదని కమీషనరు అభిప్రాయపడినచో ఆ నిర్ణయము తప్పుగా భావింపబడునట. విచారణ చేయవలసినవాడు అధికారి. చేయకున్న ఫలము అనుభవించువాడు రైతు. అడిగిన కాగితములన్నియు తెచ్చి యిచ్చినవాడు, అడుగనివానికి ఎట్లు బాధ్యుడగును? పైగా ఏ విచారణ ఎంత చాలునో కమీషనరు అభిప్రాయమునకే విడిచిరి. పొలమున మొలక చూచి విత్తనము మంచిదని ధ్రువపరచిన పిమ్మట, మరియొకడు వచ్చి నీవు ఇంకొక పరీక్ష చేయవలసియుండెననిన, చేనిని మరల దున్నుదుమా?

కాలము సంగతి ఇంతకన్న కఠినము. ఉదాహరణకు మొయినాబాదు రైతు ఒకడు 2021 జూనులో రెండెకరములు అమ్మినాడనుకొందము. ఆ సొమ్ముతో సంఘము అప్పు తీర్చెను, కూతురి పెండ్లి చేసెను. 2024 మార్చిలో ఆఫీసరు విచారించి పన్ను లేదనెను. ఆ ఆర్థిక సంవత్సరము ముగిసిన నాటినుండి రెండేండ్లు, అనగా 2026 మార్చి 31 వరకు, కమీషనరు ఆ ఉత్తరువును రద్దుపరుపవచ్చును. పిమ్మట కొత్త నిర్ధారణకు మరియొక సంవత్సరము. అమ్మిన ఆరవ ఏటికి లెక్క తేలును. ఈ నడుమ పోయినది మరియొకటి కలదు. సాగులో నున్న భూమిని అమ్మినవాడు రెండేండ్లలో వేరు సాగుభూమి కొన్నచో, ఆ మేరకు 54బి సెక్షను క్రింద మినహాయింపు దొరకును. మన రైతునకు ఆ గడువు 2023 జూనుతోనే తీరినది. పన్ను లేదని తలంచినవాడు ఆ అవకాశమును వాడుకొనలేదు. పన్ను కలదని చెప్పునాటికి ఆ ద్వారము మూసిరి. సర్కారునకు గడువు మిగిలియుండి రైతునకు మాత్రము తీరిపోవుట న్యాయమా? తిరుగదోడినప్పుడు 54బి గడువును కూడ క్రొత్తగా లెక్కింపవలెను. లేనిచో కమీషనరు గడువును ఒక సంవత్సరమునకు తగ్గింపవలెను.

అధికారమునే తీసివేయుమని నేననను. మన మండలములలో నాలుగు మామిడి మొక్కలు నాటి, చుట్టును గోడ కట్టి, ఫారము హౌసును పొలమని చూపువారు లేకపోలేదు. అట్టివారి కాగితమును కన్ను మూసికొని ఒప్పుకొన్న అధికారి నిర్ణయమును సరిచేయు త్రోవ ఉండవలసినదే. అరక పట్టినవానిని, గోడ కట్టినవానిని ఒకే గాటకు కట్టరాదని మాత్రమే నా వాదము.

అయితే అరక పట్టినట్లు రుజువేది? పూర్వపు పహాణీలో అనుభవదారు గడి యుండెడిది, పంట పేరు ఉండెడిది. 2020లో వచ్చిన ధరణి రికార్డులో ఆ అనుభవదారు గడి లేకపోయెను. 2018 నుండి వచ్చిన రైతుబంధు సొమ్ము పట్టాను బట్టి ముట్టినదే గాని సాగును బట్టి కాదు. అది యజమాని ఎవరో చూపును, దున్నినది ఎవరో చూపదు. పొలముల వెంట తిరుగువాడనగుటచే నాకు తోచునదేమనగా, వ్యవసాయ విస్తరణాధికారి చేయు పంట నమోదు, మార్కెటు తక్‌పట్టీలు, ఎరువుల రసీదులు, మన సంఘపు పంట రుణపు ఖాతా నకలు, వీనికి మించిన సాక్ష్యము లేదు. వీనిని మొదటి విచారణలోనే, అడిగినను అడుగకున్నను, జాబితా వ్రాసి దాఖలు చేసి రసీదు తీసికొనవలెను. భూమి ఏ పురపాలక హద్దుకు ఎంత దూరమో తహశీలుదారు ధ్రువపత్రమును, అమ్మిన తేదీ నాటి హద్దును బట్టి, జతపరుపవలెను.

ఆ తేదీ ముఖ్యము. 2025లో చేవెళ్ళయు మొయినాబాదును పురపాలక సంఘములైనవి. నేటి పటము చూచి నాటి అమ్మకమును పట్నపు అమ్మకమనుట చెల్లదు. అట్లు నోటీసు వచ్చినవారు ఆ మాటనే మొట్టమొదట వ్రాయవలెను. ఇకమీదట ఆ హద్దులలో అమ్మువారు మాత్రము పాత నమ్మకముపై ఉండక, 54బి గడువును క్యాలెండరుపై గుర్తు పెట్టుకొనవలెను.

నోటీసు వచ్చినచో మౌనము వహింపరాదు. వినిపించుకొను అవకాశమీయక కమీషనరు ఉత్తరువు చేయరాదు. ఉత్తరువే వచ్చినచో, అది అందిన నెల ముగిసినది మొదలు రెండు నెలలలో హైదరాబాదులోని ఆదాయపు పన్ను అప్పీలు ట్రిబ్యునలునకు నేరుగా పోవచ్చును. అట్లే తప్పుగా అధిక పన్ను పడినవారికి 264వ సెక్షను కలదు: అప్పీలుకు పోనివారు ఒక సంవత్సరములోగా ఆ కమీషనరునే అర్జీతో ఆశ్రయింపవచ్చును, ఆ అర్జీపై అతడు రైతునకు నష్టమగు ఉత్తరువు చేయరాదు. పంట రుణపు ఖాతా నకలు కావలసిన సభ్యులు సర్వే నంబరు, సంవత్సరములు వ్రాసి సంఘ కార్యదర్శికి దరఖాస్తు పెట్టుకొనవలెను.