‘మందే కదా’ అనేవారికి ఎలుక మెదడు చెప్పే జవాబు

“ఆపరేషన్ థియేటర్‌లో పసిపిల్లలకు కూడా ఇచ్చే మందే కదా సార్, మాకేం చేస్తుంది?” కెటమిన్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా యువకుల నోట ఈ ప్రశ్న వింటున్నాను. శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల సంగతి పాఠకులకు తెలియనిది కాదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకై 1996లో 84 గ్రామాలకు వర్తించేలా 111వ జీవో తెచ్చారు. ఆ పొలాల మధ్యనే నేడు ఎత్తైన ప్రహరీలతో ఫామ్‌హౌస్‌లు వెలిశాయి. వారాంతపు విందులపై పోలీసుల దాడులు, మత్తు పదార్థాల స్వాధీనం అన్న వార్తలు మనకు అలవాటైపోయాయి. ఏ విందులో ఏది దొరికిందన్నది పోలీసుల పని. నా తగువు పై ప్రశ్నలోని తర్కంతో.

కెటమిన్ మంచి మందే. 1962లో తయారై, 1970లో అమెరికాలో అనుమతి పొందింది. మత్తు వైద్యుడు దొరకని చిన్న ప్రభుత్వాసుపత్రులలో అది మాకు కొండంత అండ. రక్తపోటు పడిపోదు, శ్వాస సాధారణంగా ఆగదు. విరిగిన ఎముకలు సరిచేయడానికి, కాలిన గాయాలు శుభ్రం చేయడానికి అదే వాడేవాళ్లం. అయితే మెలకువ వచ్చేటప్పుడు కొందరు రోగులు కేకలు పెట్టేవారు, తాము కప్పు దగ్గర తేలుతున్నామనేవారు. అందుకే దానితోపాటు డయాజిపామ్ ఇచ్చే ఆచారం ఉండేది. ఈ డయాజిపామ్ మాట గుర్తుంచుకోండి.

నాడీకణం మీద ఎన్‌ఎమ్‌డీఏ గ్రాహకం అనే ద్వారం ఒకటి ఉంటుంది. గ్లుటమేట్ అనే రసాయనం వచ్చి తట్టాలి, అదే సమయానికి కణం కూడా ఉత్తేజితమై ఉండాలి. అప్పుడే అడ్డుగా ఉన్న మెగ్నీషియం తొలగి కాల్షియం లోపలికి ప్రవేశిస్తుంది. రెండు సంగతులు ఒకేసారి జరిగాయని కణం గుర్తించే పద్ధతి ఇది. నేర్చుకోవడానికి పునాది కూడా ఇదే. కెటమిన్, ఫెన్‌సైక్లిడిన్, ప్రయోగశాలలో వాడే ఎంకే-801 తెరిచిన ఆ ద్వారంలో దూరి అడ్డంగా నిలుస్తాయి. కెటమిన్ ఈ పని చేస్తుందని 1983లో తేలింది.

1986లో రిచర్డ్ మోరిస్ బృందం ఇదే గ్రాహకాన్ని మరో విధంగా నిరోధించే ఏపీ5 అనే పదార్థాన్ని ఎలుకల మెదడులోకి పంపి, వాటిని తొట్టిలోని నీటిలో వదిలింది. నీటి అడుగున కనబడకుండా ఉన్న అరుగు ఎక్కడుందో మామూలు ఎలుకలు కొద్ది ప్రయత్నాలలో నేర్చుకున్నాయి. మందు పడిన ఎలుకలు ఈదగలిగాయి, చూడగలిగాయి. చోటు మాత్రం సరిగా నేర్చుకోలేకపోయాయి. ఎన్‌ఎమ్‌డీఏ నిరోధకాలు ఇచ్చిన ఎలుకలు తిరిగిన చోటే తిరుగుతాయి, తల అటూ ఇటూ ఆడిస్తాయి, తోటి ఎలుకలతో కలవడం మానుకుంటాయి. ఈ పోలికల వల్లనే స్కిజోఫ్రీనియా పరిశోధకులు దశాబ్దాలుగా ఈ మందులిచ్చిన ఎలుకలను నమూనాగా వాడుతున్నారు. పార్టీలో ‘హాయి’ అని పిలుస్తున్న స్థితి ఇదే!

1989లో జాన్ ఓల్నీ బృందం ప్రచురించిన పరిశోధన మరింత ముఖ్యమైనది. పెద్ద ఎలుకలకు ఈ మందులిచ్చిన కొద్ది గంటలకే మెదడు వెనుక భాగంలోని కొన్ని కణాలలో బుడగల వంటి ఖాళీలు ఏర్పడ్డాయి. మోతాదు తక్కువైతే ఒకటి రెండు రోజుల్లో అవి మానిపోయాయి. ఎంకే-801 మోతాదు బాగా పెంచితే కణాలే చచ్చిపోయాయి. నిగ్రహించే కణాలను ఈ మందు ముందు నోరు మూయించడం వల్ల మిగతావి అదుపు తప్పి ఉత్తేజితమవుతాయని ఓల్నీ వివరణ. నిగ్రహాన్ని తిరిగి నిలిపే డయాజిపామ్, బార్బిట్యురేట్ల వంటి మందులు ముందుగా ఇస్తే ఆ ఎలుకలకు రక్షణ లభించింది. కేవలం రోగి కేకలు పెట్టకుండా మేమిచ్చిన సూదిమందు విలువ ఎలుక మెదడులో ఇలా మరో విధంగా కనబడింది.

ఇప్పుడు ‘మందే కదా’ అన్న యువకుడికి నా జవాబు. థియేటర్‌లో రోగి బరువు తూచి, జీవితంలో ఒకటి రెండుసార్లు, నాడి చూస్తూ, తోడు మందుతో ఇస్తాం. నీవు బరువు చూడవు, తోడుగా మద్యం తాగుతావు, వచ్చే శనివారం మళ్లీ పీలుస్తావు. సీసా మీది పేరు ఒకటే. జరిగే పని వేరు. ఎలుక వేరు, మనిషి వేరంటావా? లండన్ పరిశోధకులు మనుషులనే ఏడాదిపాటు పరిశీలించి 2010లో ప్రచురించారు. తరచుగా కెటమిన్ వాడేవారి జ్ఞాపకశక్తి ఆ ఏడాదిలోనే దిగజారింది.

దీనికి ఎదురు మూర్ఖత్వం కూడా ఉంది. ‘ఈ ఇంజెక్షన్‌తో మెదడుకు చిల్లులు పడతాయి’ అని వాట్సాప్‌లో చదివి, బిడ్డకు అవసరమైన ఆపరేషన్ వద్దనే తల్లిదండ్రులున్నారు. ఈ సందేశాలు పంపేవారి మీద నాకు మరింత కోపం. ఓల్నీ కెటమిన్ ఇచ్చిన ఎలుకలకు పడింది కిలో బరువుకు 40 మిల్లీగ్రాములు, చర్మం కింద. మనిషికి నరంలో ఇచ్చేది కిలోకు 1 లేదా 2. ఎలుక శరీరం మందును త్వరగా వదిలించుకుంటుంది గనుక ఈ అంకెలను నేరుగా పోల్చరాదు. కాని అసలు అంకెలే చెప్పకుండా భయపెట్టడం మోసం. పసి ఎలుకలలో గంటల తరబడి గ్రాహకాన్ని మూసి ఉంచితే కణాలు విస్తారంగా నశించాయని 1999లో తేలిన మాట నిజం. దాన్ని పట్టించుకొనే అమెరికా ఔషధ సంస్థ 2016లో, మూడేళ్లలోపు పిల్లలకు మూడు గంటలు మించిన లేదా పదేపదే ఇచ్చే మత్తు విషయంలో హెచ్చరించింది. శిశువులకు ఒక్కసారి, గంటలోపు ఇచ్చిన పూర్తి మత్తు వల్ల అయిదేళ్ల వయసులో తేడా కనబడలేదని 2019లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం చెప్పింది. కనుక హెర్నియా ముదిరిన బిడ్డను ఇంట్లో ఉంచుకోకండి.

డిప్రెషన్‌కు అద్భుతమంటూ కెటమిన్‌ను అమ్మజూపేవారికి కూడా ఒక మాట. 2010లో ఎలుకలకు కిలోకు 10 మిల్లీగ్రాములు ఒక్కసారి ఇస్తే నాడీకణాల మధ్య కొత్త సంధానాలు పెరిగాయి. అదే ప్రయోగంలో 80 మిల్లీగ్రాములిస్తే ఆ మేలు లేదు. ‘కొంచెం మేలు చేస్తే ఎక్కువ మరీ మేలు’ అన్న లెక్క ఇక్కడ చెల్లదు. అమెరికాలో 2019లో ఎస్‌కెటమిన్‌కు అనుమతి ఇచ్చినప్పుడు కూడా, ముక్కులో కొట్టాక రెండు గంటలు వైద్యుల కళ్లముందు ఉండాలని షరతు పెట్టారు.

మన దేశంలో కెటమిన్ 2013 నుంచి ఎక్స్ షెడ్యూలులో ఉంది. చీటీ రెండు ప్రతులుగా రాయాలి, ఒకటి దుకాణదారు రెండేళ్లు దాచాలి. మీ ఇంట్లో పాతికేళ్లలోపు వాడు గంటకోసారి మూత్రానికి పోతూ, మంటతో మెలికలు తిరుగుతూ, పరీక్షలో సూక్ష్మజీవులేవీ కనబడకపోతే, మూత్రాశయం గోడను కెటమిన్ తినేస్తున్నదేమో అన్న అనుమానం రావాలి. ఇది 2007 నుంచి వైద్యులకు తెలిసిన జబ్బు. వాణ్ని తిట్టకుండా నిజం అడగండి. మూత్ర వ్యాధుల నిపుణుడి దగ్గర ఆ నిజం దాచకండి. త్వరగా మానిన చాలామందిలో అది నయమవుతుంది; ముదిరితే మూత్రాశయం కుంచించుకుపోయి శస్త్రచికిత్సదాకా వస్తుంది.