డెబ్బయి దాటాక మళ్ళీ కేదారనాథ్ నడక

1979 వేసవిలో గౌరీకుండ్ నుంచి కేదారనాథ్‌కు నడిచి వెళ్ళినప్పుడు నా వయస్సు 27 సంవత్సరములు. ప్రభుత్వ సర్వీసులో చేరిన కొత్త. ఇప్పుడు 73వ ఏట ఆ దారిన మరొకసారి నడవాలని సంకల్పించాను. ఆరు నెలలుగా అందుకు సిద్ధమవుతున్నాను. ఈ వయస్సులో ఇటువంటి ప్రయాణము తలపెట్టే మీవంటి వారికి నా అభిప్రాయము చెప్పాలనిపించింది: 'ఒకప్పుడు ఎక్కాను కదా' అన్న జ్ఞాపకము ఆరోగ్య ధ్రువపత్రము కాదు.

మొదట దారి సంగతి. అప్పటి దారి 14 కిలోమీటర్లు. 2013 జూన్ వరదలలో రాంబాడా కొట్టుకొనిపోయింది. ఇప్పటి దారి అక్కడ మందాకిని దాటి ఆవలి గట్టున సాగుతుంది. దూరము కూడా పెరిగింది. కొండ మారినట్లే మన శరీరమూ మారింది. 220 నుంచి వయస్సును తీసివేస్తే గుండె గరిష్ఠ వేగము స్థూలముగా తెలుస్తుంది. నాకు అప్పుడు అది నిమిషానికి 193, ఇప్పుడు 147. కండరముల పరిమాణము, బలము కూడా తగ్గుతాయి. మూడవ అంతస్తు చేరేలోపు నేను రెండుసార్లు ఆగవలసి వచ్చిన రోజున ఆ విషయము ఇంట్లో చెప్పలేదు. రోగులు ఇలా దాచినప్పుడు మందలించిన వాడిని నేనే! చివరకు సిగ్గు విడిచి హృద్రోగ నిపుణుని వద్దకు వెళ్ళి, ఈ.సి.జి., ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకున్న తరువాతే నడక సాధన మొదలుపెట్టాను. మీరూ ఆ వరుసనే పాటించండి.

సాధనలో చదును నేలపై నడక ఒక్కటే చాలదు. మెట్లు ఎక్కాలి, దిగాలి కూడా. ఎక్కేటప్పుడు శ్రమ గుండెది, ఊపిరితిత్తులది. దిగేటప్పుడు భారమంతా తొడ కండరములపై, మోకాళ్ళపై పడుతుంది. అలవాటు లేని వారు దిగేటప్పుడే తూలి పడతారు. నడుస్తూ పూర్తి వాక్యము మాట్లాడగలిగితే వేగము సరిపోయినట్లు. మాట తెగిపోతుంటే నెమ్మదించాలి. ఛాతీలో బిగువు, కళ్ళు తిరగడము కలిగితే ఆనాటి సాధన ఆపి వైద్యుని కలవాలి.

అయితే ఎంత సాధన చేసినా ఎత్తు వలన కలిగే జబ్బు రాకుండా ఆపలేము. కేదారనాథ్ ఎత్తు సుమారు 3,580 మీటర్లు. అక్కడ ప్రతి శ్వాసలో మనకు అందే ప్రాణవాయువు సముద్రమట్టములో అందే దానిలో మూడింట రెండు వంతులే. ఈ జబ్బు యువకులకూ, బలవంతులకూ వస్తుంది. ఆనాడు మేము ముగ్గురము, ముగ్గురమూ వైద్యులమే. పైకి చేరిన రాత్రి ఒక మిత్రునికి తలనొప్పి, వాంతులు కలిగాయి. తెల్లవారేసరికి తూలుతూ నడిచాడు. చలి వలన, అలసట వలన అనుకొని నొప్పి మాత్ర ఇచ్చి మధ్యాహ్నము దాకా అక్కడే ఉంచాము. దిగాక కోలుకున్నాడు. తూలి నడవడము మెదడులో నీరు చేరడానికి సూచన కావచ్చని, అప్పుడు క్షణము ఆలస్యము చేయక క్రిందకు దింపాలని నాకు తరువాత చదివితే గాని తెలియలేదు. అతడు బ్రతకడము మా వైద్యము వలన కాదు, అదృష్టము వలన.

అందువలన ఈసారి తొందర లేదు. 3,000 మీటర్లు దాటాక నిద్రించే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది సూత్రము. గౌరీకుండ్ 2,000 మీటర్లకు కొంచెము తక్కువ. నేరుగా ఎక్కితే ఒక్క రోజులో 1,600 మీటర్లు పైకి చేరుతాము. కాబట్టి క్రింద రెండు రాత్రులు, దారిలో లించోలి వద్ద ఒక రాత్రి గడిపి పైకి వెళ్తాను. హెలికాప్టర్‌లో వెళ్ళే వారికి కాళ్ళ శ్రమ తప్పుతుంది గాని, శరీరము ఎత్తుకు అలవాటుపడే వ్యవధి ఇంకా తగ్గిపోతుంది.

అసిటజోలమైడ్ ఈ జబ్బును కొంత నివారిస్తుంది. కాని అది మీకు తగునో లేదో మీ వైద్యుడే నిర్ణయించాలి. అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి మందులు వాడే వారిలో శ్రమకు తగినట్లు గుండె వేగము పెరగదు. అలాగని వాటిని సొంతముగా ఆపడము ప్రమాదకరము. ఇన్సులిన్ చలికి గడ్డకట్టకుండా దుస్తుల లోపల ఉంచుకోవాలి.

విశ్రాంతిగా కూర్చున్నా ఆయాసము తగ్గకపోయినా, నడక తూలినా, మాట తడబడినా మందు కోసము వెదకవద్దు, వెంటనే దిగండి. ఆలయము కనుచూపు మేరలో ఉన్నా సరే. మా ఇంటావిడ మోకాళ్ళ నొప్పుల వలన నాతో రావడము లేదు. ఎక్కడ వెనుదిరగాలో ముందే కాగితముపై వ్రాసి ఆమెకు ఇచ్చాను. ఒక ప్రతి నా జేబులో ఉంటుంది. వెనుదిరగడము ఓటమి అని 27వ ఏట అనుకున్నాను. ఈ వయస్సులో యాత్రకు అది కూడా ఒక అర్హత అని నా అభిప్రాయము. మీరు కూడా బయలుదేరే ముందు ఆ కాగితము వ్రాసుకోండి.